కంపెనీ సొమ్మును స్టేజీ మీద నిలదీసిన శామ్యూల్ ఫుట్‌కు మన సిలబస్‌లో చోటేది?

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖల బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం.

మచిలీపట్నం నుంచి రాస్తున్నాను. ఇక్కడి డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎం.ఏ. ఇంగ్లీషులో పద్దెనిమిదో శతాబ్దపు నాటకం పేపరుకు, ఆ కాలపు ఇంగ్లీషు నటుడు, నాటక రచయిత శామ్యూల్ ఫుట్ రాసిన ఒకే ఒక్క నాటకం చేర్చమని మీలో ఒక బోర్డుకు మూడుసార్లు విన్నవించుకున్నాను. మొదటిసారి రిజిస్టర్డ్ పోస్టులో. అందినట్టు సంతకం పెట్టిన కార్డు మాత్రం తిరిగొచ్చింది. రెండోసారి ఈమెయిల్. మూడోసారి నేనే బస్సెక్కి వెళ్లాను. సెక్షన్ గుమస్తా మర్యాదగా కుర్చీ వేసి, "ఫుట్ ఎవరు మాస్టారూ? ఫోన్లో కొడితే పాదాల బొమ్మలు వస్తున్నాయి" అన్నాడు. నవ్వాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాక గానీ ఆయనెవరో నాకూ తెలియలేదు మరి.

జవాబు రాకపోవడం గురించి ఎక్కువ రాయను. నేనూ అలాంటి మీటింగుల్లో కూర్చుని, టీ చల్లారేలోపు సిలబస్ పాస్ చేసినవాణ్ణే. మూడు విన్నపాలూ ఫైల్లోనే ఉండిపోయాయి కాబట్టి ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

1. ముందు, మనం ఏం చెప్తున్నామో చూడండి.

షెరిడన్ రాసిన 'స్కూల్ ఫర్ స్కాండల్' మన క్లాసుల్లో తరాలుగా నడుస్తోంది. 1777 నాటి నాటకం. అందులో సర్ ఆలివర్ అనే బాబాయి ఇండియాలో బాగా గడించి లండన్ తిరిగొస్తాడు. అన్నకొడుకుల్లో ఎవడు యోగ్యుడో మారుపేర్లతో వెళ్లి పరీక్షిస్తాడు. దుబారా చేసే చార్లెస్‌కు మనసుందని, నీతులు చెప్పే జోసెఫ్‌కు లేదని తేలుతుంది. బీద బంధువులా వచ్చిన బాబాయితోనే జోసెఫ్, "మా బాబాయి పంపిందేముంది? కాస్త పింగాణీ, శాలువలు, తేయాకు, పిట్టలు, టపాకాయలు" అని తేల్చేసే చోట పిల్లలు నవ్వుతారు. నేనూ ఏటా నవ్వించాను. ఆ బాబాయికి అంత డబ్బు ఎలా వచ్చిందని మాత్రం ఒక్క ఏడూ అడగలేదు. నాటకం అడగదు, గైడు అడగదు, మన ప్రశ్నపత్రమూ అడగదు. ఇండియాలో డబ్బులు చెట్లకు కాసినట్టే ఉంటుంది వ్యవహారం.

అంతకు ఐదేళ్ల ముందే, అదే లండన్‌లో, చెక్క కాలితో స్టేజీ ఎక్కి ఒక నటుడు ఆ ప్రశ్న వేశాడు. నాటకం పేరు 'ది నేబాబ్'. మన 'నవాబు' మాటే ఇంగ్లీషు నోట్లో పడి అలా అయింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో డబ్బు చేసుకుని ఇంగ్లండ్ తిరిగొచ్చినవాళ్లను అక్కడి జనం వెటకారంగా పిలిచిన పేరది.

2. మనిషి సంగతి.

శామ్యూల్ ఫుట్ 1720లో కార్న్‌వాల్‌లోని ట్రూరోలో పుట్టాడు. తండ్రి లాయరు, తల్లిది బారోనెట్ అనే వంశపారంపర్య బిరుదున్న కుటుంబం. ఆక్స్‌ఫర్డ్‌లోని వుస్టర్ కాలేజీలో చేరాడు. చదువు మానేసి తిరుగుతున్నాడని 1740లో కాలేజీ పేరు కొట్టేసింది. లండన్‌లో లా చదువుతానని చేరి అప్పులు చేశాడు, అప్పులవాళ్ల జైలూ చూశాడు. 1741లో వాళ్లింట్లో ఘోరం జరిగింది. నావికాదళంలో కెప్టెన్‌గా ఉన్న ఒక మేనమామ, ఆస్తి తగాదాలో, తన సొంత అన్నను బ్రిస్టల్ దగ్గర 'రూబీ' అనే యుద్ధనౌకలోకి ఎత్తుకుపోయి చంపించాడు. అతన్ని ఉరితీశారు. చేతిలో చిల్లిగవ్వ లేని మేనల్లుడు చేసిన మొదటి రచన ఏమిటంటే, ఆ హత్య మీద ఓ చిన్న పుస్తకం. ఇంటి పరువును అచ్చువేసి అమ్ముకున్నాడని మనమంటాం. అనవచ్చు. ఫుట్‌ను దేవుణ్ణి చేయమని నేను అడగడం లేదు.

1744లో హేమార్కెట్ థియేటర్లో ఒథెల్లోగా మొదటిసారి వేషం కట్టాడు. విషాదం అతనికి నప్పలేదు. అతని విద్య వేరు. ఎదుటివాడి గొంతు, నడక, దగ్గు, తలతిప్పుడు రెండు నిమిషాల్లో ఒంటికి పట్టించుకునేవాడు. మన పగటివేషగాడు మునసబును మునసబు ముందే ఆడి చూపించినట్టు, 1747 నుంచి లండన్ పెద్దమనుషుల్ని వాళ్ల ముందే ఆడి చూపించాడు.

దానికి చట్టం అడ్డం. రాజకీయ వ్యంగ్యం భరించలేక ప్రధాని రాబర్ట్ వాల్పోల్ 1737లో లైసెన్సింగ్ చట్టం తెచ్చాడు. కొత్త నాటకం ఏదైనా ముందు రాజుగారి కొలువు అధికారి లార్డ్ చేంబర్లిన్ ఆఫీసుకు వెళ్లాలి. రాజపత్రం ఉన్న థియేటర్లలో తప్ప డబ్బు తీసుకుని నాటకం ఆడకూడదు. ఫుట్ మొదటి ప్రదర్శన మీదికీ పోలీసులొచ్చారు. వెంటనే పేపర్లో ప్రకటన వేశాడు: మిస్టర్ ఫుట్ మిత్రులను మధ్యాహ్నం ఒక కప్పు చాక్లెట్ పానీయానికి ఆహ్వానిస్తున్నాడు అని. టికెట్ చాక్లెట్‌కే. కప్పు వచ్చేలోపు కొందరు కుర్రనటులకు పాఠం చెప్తుంటాడు, వచ్చినవాళ్లు చూస్తే చూస్తారు. కొన్నాళ్లకు చాక్లెట్ పోయి టీ వచ్చింది. తర్వాత 'చిత్రపటాల వేలం' అనే సాకు వచ్చింది. చట్టంలో ఈ మూడింటికీ నిషేధం లేదు.

నొప్పించని వర్గం లేదు. వీధుల్లో ప్రసంగించే మెథడిస్టు క్రైస్తవ శాఖ బోధకుల్ని 1760లో ఆడించాడు. డాక్టర్లను 1768లో పట్టుకున్నాడు. నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్‌ను కూడా అనుకరించబోతున్నాడని తెలిసి, ఆయన తన మిత్రుడైన పుస్తకాల వ్యాపారిని, ఓక్ కర్ర ఖరీదెంత అని అడిగాడట. ఆరు పెన్నీలంటే, రెట్టింపుది తెప్పించమన్నాడట. ఆ వేషం స్టేజీ ఎక్కలేదు.

డబ్లిన్‌లో ఒంటికాలి ప్రింటరు ఒకాయన ఉండేవాడు, జార్జ్ ఫాక్నర్. ఆయన కుంటినడకను 1762లో ఫుట్ ఆడి నవ్వించాడు. ఇది క్రూరం, నేను సమర్థించను. నాలుగేళ్లకు, 1766లో, ఒక ప్రభువు ఇంట విందులో ఫుట్ గుర్రం మీద గొప్పలకు పోయి కింద పడ్డాడు. మోకాలి పైకి ఒక కాలు తీసేశారు. ఆ విందులో రాజుగారి తమ్ముడు యార్క్ డ్యూక్ కూడా ఉన్నాడు. జాలిపడి అన్నగారితో చెప్పి ఫుట్ బతికున్నంతకాలం వేసవి నెలల్లో నాటకాలు ఆడుకునే రాజపత్రం ఇప్పించాడు. హేమార్కెట్ పేరు ముందు ఇప్పటికీ ఉన్న 'థియేటర్ రాయల్' అనే మాట ఆ కాలి ఖరీదు. ఫుట్ చెక్క కాలు పెట్టించుకుని, ఆ కాలికి తగ్గ పాత్రలు తనే రాసుకుని, మరో పదేళ్లు ఆడాడు.

3. 'ది నేబాబ్' సంగతి. ఇదే అసలు విన్నపం.

1772 జూన్ 29న హేమార్కెట్లో తెర లేచింది. ఆ నెలలోనే లండన్‌లో ఒక పెద్ద బ్యాంకు కూలి, దాని వెంట మరికొన్ని కూలాయి. బెంగాల్లో లక్షలమందిని పొట్టన పెట్టుకున్న 1770 కరవు వార్తలు అప్పటికి లండన్ చేరాయి. కంపెనీ పనులపై పార్లమెంటు కమిటీ కూర్చుంది. సరిగ్గా ఆ వేళ ఫుట్ సర్ మాథ్యూ మైట్ వేషంలో వచ్చాడు. మైట్ జున్ను అమ్ముకునేవాడి కొడుకు. కంపెనీలో చేరి ఇండియాలో కోట్లు పోగేసి వచ్చి, అప్పుల్లో ఉన్న పాత జమీందారు సర్ జాన్ ఓల్డమ్ బాకీ పత్రాలు కొనేస్తాడు. కూతుర్నిస్తావా, జైలుకెళ్తావా అని కబురు పెడతాడు. పెద్దమనిషి అనిపించుకోవడానికి జూదపు పాచికలు ఎలా విసరాలో క్లబ్బు వెయిటర్ దగ్గర నేర్చుకుంటాడు. పురావస్తు పండితుల సంఘంలో చేరి, కథల్లోని విటింగ్టన్ పిల్లి పిల్లి కాదని, పడవ అని ఉపన్యసిస్తాడు. ఆ సీనుకు జనం నవ్విన నవ్వుకు రచయిత హొరేస్ వాల్పోల్ (పాత ప్రధాని కొడుకు) అంతటివాడు నిజమైన ఆ సంఘంలో తన పేరు కొట్టించుకున్నాడు.

బ్రైబెమ్ అనే ఊరుంటుంది. మనమైతే లంచాలపల్లి అంటాం. ఆ ఊరి పార్లమెంటు సీటును మైట్‌కు అమ్మడానికి మేయరు, టచిట్ అనే ఇంకొకడు వస్తారు. వాళ్ల క్లబ్బు పేరు క్రిస్టియన్ క్లబ్. ఫుట్ దాన్ని గాల్లోంచి తీయలేదు. న్యూ షోరమ్ అనే ఊళ్లో అదే పేరుతో ఓటర్ల సంఘం ఒకటి సీటు బేరం పెట్టేదని 1770 ఉపఎన్నికప్పుడు బయటపడి, మరుసటేడు పార్లమెంటు వాళ్ల ఓట్లు రద్దు చేసింది. ఆ ఎన్నికలో నిలబడినవాడు కంపెనీలో గడించి వచ్చిన థామస్ రంబోల్డ్. 1778లో మద్రాసు గవర్నరుగా దిగి, మన ఉత్తర సర్కారుల జమీందార్లను మద్రాసుకు రమ్మని తాకీదులు పంపినది ఆ రంబోల్డే. పుచ్చుకున్నవాటి మీద తర్వాత పార్లమెంటులో అతనిపై శిక్ష బిల్లు పెట్టారు, అది సాగక పడిపోయింది. లంచాలపల్లి మనకు అంత దూరం కాదండీ.

మైట్ కోసం ఎదురుచూస్తూ మేయరు అమాయకంగా అడుగుతాడు: అంత దూరాన మనకు ఆస్తులెలా వచ్చాయయ్యా? టచిట్ వివరిస్తాడు. కొందరు వర్తకులు స్నేహంగా వచ్చి, వ్యాపారానికని కాస్త చోటు అడుగుతారు. అక్కడివాళ్లు పాపం సరేనంటారు. తర్వాత మెల్లమెల్లగా జరుగుతూ, గోడలు కట్టుకుంటూ, బలం చాలినాక వాళ్లను నేల మీంచి వెళ్లగొట్టి డబ్బూ నగలూ తీసుకుంటాం. అది కాస్త మర్యాద తక్కువ పని కాదా అంటాడు మేయరు. ఏం కాదు, వాళ్లు తార్తారుల కంటే, తురుష్కుల కంటే ఏమంత మెరుగు అంటాడు టచిట్. కాదయ్యా, తార్తారులం మనమే, వాళ్లకు దొరికింది మనం అంటాడు మేయరు. 'తార్తారును పట్టుకోవడం' అనే ఇంగ్లీషు పలుకుబడికి మనం పులి తోక పట్టుకోవడం అంటామే, ఆ అర్థం.

ఆ 'కాస్త చోటు' మా ఊళ్లోనే ఉంది. 1611లో కంపెనీ ఓడ బందరు తీరానికొచ్చి వ్యాపారానికి చోటు అడిగింది. 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి కోట పట్టాడు. 1765లో సర్కారులకు ఢిల్లీ బాదుషా ఫర్మానా వచ్చింది, మరుసటేడు నిజాంతో ఒప్పందం కుదిరింది. నూటయాభై ఏళ్ల సర్కారు జిల్లాల చరిత్రను టచిట్ నాలుగు వాక్యాల్లో చెప్పేశాడు. ఆ కోట మొండిగోడల పక్కనుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లలకు నేను సర్ ఆలివర్ మంచితనం మీద నోట్సు చెప్పాను.

ఒక మాట ఒప్పుకోవాలి. ఫుట్ మన కష్టం చూసి కన్నీరు పెట్టినవాడు కాదు. మైట్ పాపం దోపిడీయో, జున్ను కొట్టువాడి కొడుకై పెద్దింటి పిల్లనడగడమో తేల్చుకోలేని చోట్లు నాటకంలో ఉన్నాయి. అంతఃపురం పెడతాననే సీనులో నల్లవాళ్ల మీద హాస్యం ఇప్పుడు చదివితే చిరాకు పుడుతుంది. అతని భయమంతా ఆ డబ్బు ఇంగ్లండ్ ఓటును కొనేస్తోందని. అయినా ఆ డబ్బు ఎలా వచ్చిందో అంతమంది ముందు నోరు తెరిచి చెప్పాడు. పాఠానికి ఈ మంచీ చెడూ రెండూ కావాలి.

4. చివరి రోజులు దాచకండి.

1775లో కింగ్‌స్టన్ డచెస్‌ను పోలిన పాత్రతో నాటకం రాశాడు. ఒక భర్త ఉండగా ఇంకొకర్ని పెళ్లాడిందని ఆమె మీద కేసు నడుస్తోంది. లార్డ్ చేంబర్లిన్ లైసెన్సు నిరాకరించాడు. ఆమె పక్షాన విలియం జాక్సన్ అనే మతాచార్యుడు పత్రికలో ఫుట్ మీద స్వలింగ సంపర్కం నిందలు గుప్పించాడు. ఆ దేశంలో అప్పుడది ఉరిశిక్ష పడే నేరం. తర్వాత పాత నౌకరు ఒకడు అత్యాచారయత్నం కేసు పెట్టాడు. 1776 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ముందు విచారణ జరిగి ఫుట్ నిర్దోషిగా బయటపడ్డాడు. అప్పటికే మనిషి అయిపోయాడు. ఏడాదికి 1,600 పౌండ్ల ఒప్పందం మీద థియేటర్ను జార్జ్ కోల్మన్‌కు ఇచ్చేశాడు. ఫ్రాన్సుకు గాలి మార్పుకని బయల్దేరి 1777 అక్టోబరు 21న డోవర్‌లో ఓడ ఎక్కకుండానే పోయాడు. 'స్కూల్ ఫర్ స్కాండల్' తెర లేచింది కూడా ఆ సంవత్సరమే. వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో పూడ్చారు.

5. దీనివల్ల నష్టపోతున్నది ఎవరు?

పల్లెల నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి ఎం.ఏ. చదువుతున్న పిల్లలు. ఇంగ్లీషు నాటకం అంటే ఎవరో దొరల డ్రాయింగు రూము, మనకు సంబంధం లేదు, పాసైతే చాలు అనుకుని గైడు బట్టీ పట్టేది వాళ్లే. కంపెనీని అదుపులో పెట్టడానికి వచ్చిన 1773 రెగ్యులేటింగ్ చట్టం వాళ్లకు గ్రూప్స్ పరీక్షలో ఒక బిట్టు. ఆ చట్టానికి ముందటేడు లండన్ జనం దేనికి నవ్వారో తెలిస్తే అది బిట్టుగా మిగలదు. ఒకసారి రిటైరయ్యే ముందు, సిలబస్ పక్కన పెట్టి, టచిట్ సీను తెలుగు చేసి క్లాసులో చదివాను. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ అబ్బాయి లేచి, "మాస్టారూ, అయితే సర్ ఆలివర్ కూడా మైటేనా?" అన్నాడు. నా సర్వీసులో నాకు దొరికిన మంచి ప్రశ్న అది. పరీక్షలో దానికి మార్కుల్లేవు.

నాటకాలాడేవాళ్లకూ నష్టమే. వాల్పోల్ చట్టం వంటి ఆలోచనతోనే 1876లో ఇక్కడ నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. కలకత్తాలో యువరాజు రాక మీద వ్యంగ్య నాటకం ఆడినందుకు కోపంతో తెచ్చారు. అది పుస్తకాల్లోంచి పోయింది 2018లో. చాక్లెట్ కప్పుతో చట్టాన్ని దాటినవాడి కథ మన కుర్ర నటులకు పనికొస్తుందో లేదో వాళ్లే చెప్తారు, ముందు వాళ్లకు చెప్పండి.

6. కాబట్టి అడుగుతున్నవి:

షెరిడన్‌ను తీసేయమనడం లేదు. పదేళ్ల తర్వాత అదే షెరిడన్ పార్లమెంటులో లేచి వారెన్ హేస్టింగ్స్‌ను గంటల తరబడి కడిగేశాడు. అది కూడా చెప్పాలి. 'స్కూల్ ఫర్ స్కాండల్' పక్కనే 'ది నేబాబ్' పెట్టి, రెండింటినీ పోల్చే ప్రశ్న తప్పనిసరి చేయండి. నాటకం మూడంకాలే, నాలుగు క్లాసుల పని.

గోల్డ్‌స్మిత్ పాఠంలో ఒక పేరా కలపండి. కన్నీటి కామెడీని (సెంటిమెంటల్ కామెడీ) గోల్డ్‌స్మిత్ 1773 మార్చిలో దెబ్బతీశాడని చెప్తాం. దానికి నెల ముందే ఫుట్ బొమ్మలాట పెట్టి దాన్నే వెక్కిరించాడు.

7. థియేటర్ ఆర్ట్స్ శాఖలున్న విశ్వవిద్యాలయాలు ఈ నాటకాన్ని తెలుగులోకి తెప్పించి ఆడించాలి. రెండున్నర శతాబ్దాల నాటి రచన, కాపీరైటు లేదు, రాయల్టీ లేదు. అనువాదకుడికి మాత్రం డబ్బివ్వండి. గౌరవ సన్మానం, శాలువా వద్దు.

8. తదుపరి బోర్డు మీటింగు ఎజెండాలో ఈ అంశం చేర్చారో లేదో రాతపూర్వకంగా తెలియజేయండి. చేర్చకపోతే కారణం ఒక్క వాక్యంలో రాసినా చాలు. నాటకం ప్రతి నా దగ్గరుంది. సభ్యులకే కాదు, ఏ విద్యార్థికి కావాలన్నా పంపిస్తాను, జిరాక్స్ ఖర్చు నాది.

ఇట్లు,
మీ పాత సహోద్యోగి,
బందరు